క్రిప్టో అడ్రసుల దగ్గర డబ్బు పోకుండా: తరచుగా అడిగే ప్రశ్నలు

క్రిప్టో డబ్బును దాచుకుని, పంపడానికి వాడే వాలెట్ యాప్‌లను విడుదలకు ముందు పరీక్షించడం నా ఉద్యోగం. రోజంతా అడ్రసులతోనే పని. అయినా తెలిసినవారు ఎవరైనా ఫోను చేసి "నేను పంపించాను, వాళ్ళకు రాలేదంటున్నారు" అన్న ప్రతిసారీ గుండె ఝల్లుమంటుంది. ఈ వ్యవహారంలో వెళ్ళి మొరపెట్టుకోవడానికి బ్యాంకు మేనేజరు ఉండడు. ఇన్నేళ్ళలో నన్ను మళ్ళీ మళ్ళీ అడిగిన ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. క్రిప్టో కొనాలా వద్దా అన్న చర్చ జోలికి పోను. ఇప్పటికే వాడుతున్నవారి డబ్బు ఒక అక్షరం తేడాతో పోకూడదు, అంతే.

అడ్రసు అంటే ఏమిటి? బ్యాంకు ఖాతా నంబరు లాంటిదేనా?

కొంతవరకు. మీ అడ్రసు తెలిసినవారు మీకు డబ్బు పంపగలరు, మీ డబ్బు తీసుకోలేరు. తీసుకోవాలంటే ప్రైవేట్ కీ అనే రహస్య సంఖ్య కావాలి. ఆ కీలన్నింటికీ మూలం వాలెట్ మొదలుపెట్టినప్పుడు మీరు కాగితం మీద రాసుకున్న 12 లేదా 24 మాటల సీడ్ ఫ్రేజ్. అడ్రసు ఎవరికిచ్చినా డబ్బు పోదు. సీడ్ ఫ్రేజ్ మాత్రం కస్టమర్ కేర్ అని చెప్పుకునేవారికి కూడా ఇవ్వకూడదు.

పోలిక అక్కడితో సరి. ఖాతా నంబరును బ్యాంకు ఇస్తుంది. దాని వెనక ఒక పేరు, ఒక బ్రాంచి, కేవైసీ కాగితాలు ఉంటాయి. క్రిప్టో అడ్రసును ఎవరూ మంజూరు చేయరు. మీ ఫోనులోనే ఒక పెద్ద రహస్య సంఖ్య నుంచి లెక్కగట్టగా అది పుడుతుంది. బిట్‌కాయిన్ లాంటిదే మరో పెద్ద క్రిప్టో నెట్‌వర్క్ అయిన ఎథీరియంలో ఉండగల అడ్రసుల సంఖ్య రాయాలంటే 49 అంకెలు పడతాయి. వాటిలో దాదాపు అన్నీ యజమాని లేని ఖాళీ అడ్రసులే. పొరపాటున అలాంటి దానికి పంపితే నెట్‌వర్క్ అభ్యంతరం చెప్పదు. డబ్బు అక్కడ ఉన్నట్టు లోకమంతటికీ కనిపిస్తూనే ఉంటుంది, తాళంచెవి మాత్రం ఎవరి దగ్గరా ఉండదు.

ఇంత పొడవుగా, చదవడానికి వీల్లేకుండా ఎందుకు పెట్టారు?

పొడవు తప్పదు. ఇద్దరికి ఒకే అడ్రసు రాకుండా ఉండాలన్నా, ఎవరూ ఊహించి పట్టుకోకుండా ఉండాలన్నా అంత పెద్ద సంఖ్య కావాలి. చదవడానికి కష్టంగా ఉండటం మాత్రం తప్పనిసరి కాదు. దాన్ని తగ్గించే ప్రయత్నం మొదటి రోజు నుంచీ ఉంది. బిట్‌కాయిన్‌ను తయారుచేసిన సతోషి నకమోటో మొదటి రకం అడ్రసుల్లో సున్నా, పెద్ద ఓ, పెద్ద ఐ, చిన్న ఎల్ అనే నాలుగింటిని వాడలేదు. చూడటానికి ఒకదానిలా ఒకటి ఉంటాయని వాటిని పక్కన పెట్టి, మిగిలిన 58 గుర్తులతోనే అడ్రసు రాయించాడు.

అది చాలిందా అంటే, మా బాబాయి సంగతి చెబుతాను. ఆయన బ్యాంకులో గుమస్తాగా పనిచేసి రిటైరయ్యారు. లెడ్జరులో ఒక అంకె తేడా వస్తే అది దొరికే దాకా కుర్చీ లేవని మనిషి. ఒకసారి పాత రకం బిట్‌కాయిన్ అడ్రసును కాగితం మీద అచ్చు వేసి, "దీన్ని ఫోనులో కొట్టి చూడండి" అని ఇచ్చాను. మొత్తం 34 గుర్తులు. పిన్ని ఆ వరుస కింద స్కేలు పెట్టి ఒక్కొక్కటే చదివింది: "పెద్ద కే, చిన్న ఎమ్, ఏడు, పెద్ద వై..." ఆయన ఒక్కొక్కటే కొట్టారు. చివరికి యాప్ ఎర్ర అక్షరాలతో "చెల్లని అడ్రసు" అంది. మళ్ళీ కొట్టారు. మళ్ళీ అదే మాట. మూడోసారికి దొరికింది. కాగితం మీద ఉన్నది చిన్న వి, ఆయన కొట్టింది పెద్ద వి. అచ్చులో రెండూ ఒకే ఆకారం, పరిమాణంలోనే తేడా. బాబాయి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "తప్పని చెప్పడం తెలిసినదానికి ఎక్కడ తప్పో చెప్పడం తెలియదా?" అని అడిగారు.

ఆ ప్రశ్నకు జవాబు ఉంది, కింద చెబుతాను. ముందుగా ఒక మాట. అడ్రసు దగ్గర పొరపాటు పడినవారు తమనే తిట్టుకుంటారు. నా అనుభవంలో చాలాసార్లు తప్పు వారిది కాదు, ఆ తెరను అలా తయారుచేసినవారిది.

ఒక అక్షరం తప్పు కొడితే వాలెట్ పట్టుకుంటుందా?

ఏ నాణెం అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆధార్ నంబరులో చివరి అంకె మిగతా 11 అంకెల నుంచి లెక్కగట్టి వచ్చేది. ఒక అంకె తప్పు రాస్తే ఆ లెక్క కుదరదు. అడ్రసులోనూ అలాంటి తనిఖీ భాగం ఉంటుంది, దాన్ని చెక్‌సమ్ అంటారు. అయితే అన్ని నాణేల చెక్‌సమ్‌లూ ఒకే బలంతో ఉండవు.

1తో గానీ 3తో గానీ మొదలయ్యే పాత బిట్‌కాయిన్ అడ్రసులో 4 బైట్ల చెక్‌సమ్ ఉంది. తప్పు కొట్టిన అడ్రసు పొరపాటున చెల్లిపోయే అవకాశం సుమారు 430 కోట్లలో ఒకటి. కాబట్టి తప్పు దొరుకుతుంది, ఎక్కడుందో మాత్రం తెలియదు. మా బాబాయికి ఎదురైంది ఇదే.

దీనికి మందుగా 2017లో బిట్‌కాయిన్ డెవలపర్లు పీటర్ వుల్లే, గ్రెగ్ మాక్స్‌వెల్ కొత్త రూపాన్ని ప్రతిపాదించారు. పేరు బెక్32. బీసీ1 అని మొదలయ్యే అడ్రసులు ఇవే. ఇందులో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు కలగలవవు. మొత్తం ఒకే తీరులో ఉంటుంది కనుక పెద్ద వి, చిన్న వి అనే గొడవే లేదు. నాలుగు గుర్తుల దాకా తప్పు పడితే కచ్చితంగా పట్టుకుంటుంది. తప్పు ఏ స్థానంలో ఉందో సూచించే శక్తి కూడా ఆ గణితంలో ఉంది. వాలెట్ "ఈ అక్షరం దగ్గర చూసుకోండి" అని వేలు పెట్టి చూపించవచ్చు. తనంతట తానే దిద్దకూడదని మాత్రం ఆ ప్రతిపాదనలోనే రాశారు. దిద్దబోయి వేరే చెల్లుబాటయ్యే అడ్రసుగా మార్చేస్తే డబ్బు ఎవరికీ దక్కకుండా పోతుంది. చూపించే ఏర్పాటు ఉన్న వాలెట్లు ఇప్పటికీ తక్కువే. గణితం సిద్ధంగా ఉండి కూడా తెర మీదికి రాలేదన్న బాధ నాకుంది.

ఎథీరియం కథ వేరు. అక్కడి అడ్రసు సున్నా, ఎక్స్ అని మొదలై 40 గుర్తులతో ఉంటుంది. మొదట్లో దానికి చెక్‌సమే లేదు. 2016లో ఎథీరియం సృష్టికర్త విటాలిక్ బుటెరిన్ ప్రతిపాదనతో ఒక ఉపాయం వచ్చింది. అడ్రసులోని ఏ నుంచి ఎఫ్ దాకా ఉన్న అక్షరాల్లో ఏవి పెద్దవి, ఏవి చిన్నవి అన్న అమరికలోనే చెక్‌సమ్‌ను దాచారు. పొడవు పెరగకుండా తనిఖీ వచ్చింది. బలం మాత్రం తక్కువ, తప్పు అడ్రసు చెల్లిపోయే అవకాశం సుమారు 4,000లో ఒకటి. పైగా అడ్రసు అంతా చిన్న అక్షరాల్లో ఉంటే ఆ తనిఖీ జరగదు, చాలా యాప్‌లు దాన్ని అలాగే ఒప్పుకుంటాయి. అందుకే ఎథీరియం అడ్రసును "అందంగా ఉంటుంది" అని అన్నీ చిన్న అక్షరాలుగా మార్చకండి.

సొలానా అనే మరో నెట్‌వర్క్ అడ్రసులో చెక్‌సమ్ భాగమే లేదు. అక్కడ చేత్తో కొట్టే సాహసం వద్దు.

బిట్‌కాయిన్‌లో 1, 3, బీసీ1 అని ఇన్ని రకాలు ఎందుకు? నాకు ఏది మంచిది?

కాలక్రమంలో వచ్చినవి. మూడూ చెల్లుతాయి, ఒకదాని నుంచి ఇంకొకదానికి పంపవచ్చు. కొత్తగా మొదలుపెట్టేవారు బీసీ1 రకం తీసుకోండి. తప్పులు బాగా పట్టుకుంటుంది, రుసుమూ తక్కువ పడుతుంది. బీసీ1క్యూ, బీసీ1పీ అని రెండు కనిపిస్తాయి. పీ రకం 2021 నవంబరులో అమల్లోకి వచ్చిన ట్యాప్‌రూట్ అనే బిట్‌కాయిన్ మార్పుకు చెందినది. బెక్32లో ఒక లోపం బయటపడింది. అడ్రసు చివరి అక్షరం పీ అయితే దాని ముందు క్యూ చేర్చినా, ఉన్నది తీసేసినా చెక్‌సమ్ సరిపోతోంది. దాన్ని సరిచేసిన రూపం బెక్32ఎమ్, పీ రకం వాడేది దాన్నే. క్యూ అడ్రసుల పొడవు 42 లేదా 62 అని ఖరారై ఉంది కనుక వాటికి ఈ లోపం వల్ల నష్టం లేదు.

మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు సరిచూసుకుంటే చాలదా?

చాలదు. ఈ పేజీలో ఒక్కటే చదివే ఓపిక ఉంటే ఈ జవాబు చదవండి.

ఎథీరియం అడ్రసులో ఒక్కో స్థానానికి 16 అవకాశాలు. ముందు నాలుగు, వెనక నాలుగు కలిపి ఎనిమిది స్థానాలు. అంటే దాదాపు 430 కోట్ల అడ్రసులు పుట్టిస్తే అందులో ఒకటి మీ స్నేహితుడి అడ్రసుకు రెండు కొసల్లోనూ సరిపోతుంది. మనిషికి అది పెద్ద సంఖ్య. గేములు ఆడుకునే కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ కార్డుకు నిమిషాల పని. మోసగాడు అలా కవల అడ్రసు తయారుచేసుకుని దాని నుంచి మీకు అతి చిన్న మొత్తం పంపుతాడు. ఒక్కోసారి సున్నా మొత్తం, ఒక్కోసారి అసలుదానిలాగే పేరున్న నకిలీ టోకెను (నెట్‌వర్క్ మీద ఎవరైనా తయారుచేయగల నాణెం). అతనికి కావలసింది మీ లావాదేవీల జాబితాలో ఒక వరుస మాత్రమే.

ఇప్పుడు మీ తెర ఊహించుకోండి. జాబితాలో పై వరుసలో "7ఏ3ఎఫ్", మూడు చుక్కలు, "9డీ1సీ". దాని కింద నిన్న మీరు స్నేహితుడికి నిజంగా పంపిన వరుస: "7ఏ3ఎఫ్", మూడు చుక్కలు, "9డీ1సీ". రంగు ఒకటే, తేదీ ఒకటే. పై వరుసలో మొత్తం మాత్రం 0.00. ఈసారి పంపేటప్పుడు పాత లావాదేవీ నుంచి అడ్రసు కాపీ చేద్దామని వేలు వెళితే, అది పై వరుస మీదికే వెళుతుంది. దీన్ని అడ్రస్ పాయిజనింగ్ అంటారు. మీ జాబితాలో విషం కలపడమే.

2024 మే 3న ఇలాగే ఒకరు 1,155 వ్రాప్డ్ బిట్‌కాయిన్లను (బిట్‌కాయిన్ విలువతో ఎథీరియం మీద నడిచే టోకెన్లను) కవల అడ్రసుకు పంపేశారు. అప్పటి విలువ దాదాపు 7 కోట్ల డాలర్లు. లోకమంతా ఆ దొంగ మీద కన్నేయడంతో, బేరసారాల తర్వాత అతను చాలా భాగం తిరిగి పంపాడు. అది అరుదు. వంద డాలర్లు పోగొట్టుకున్నవారి కోసం అలా ఎవరూ వెంటపడరు.

ఆ మూడు చుక్కలను తెర మీద పెట్టింది వాలెట్ తయారీదారులే. చోటు చాలదని మధ్యభాగం దాచి, కొసలు మాత్రమే చూడటం మనకు అలవాటు చేశారు. మోసగాళ్ళు ఆ అలవాటు మీదే వ్యాపారం పెట్టుకున్నారు.

చేయవలసింది ఇది. పాత లావాదేవీల జాబితా నుంచి అడ్రసు ఎప్పుడూ కాపీ చేయకండి. తరచుగా పంపేవారి అడ్రసును ఒకసారి పూర్తిగా సరిచూసి, యాప్‌లోని అడ్రస్ బుక్‌లో పేరుతో దాచుకోండి. సరిచూసేటప్పుడు కొసలతో పాటు మధ్యలో మీకు తోచిన చోట ఐదారు అక్షరాలు చూడండి. మీ కన్ను మధ్యలో ఎక్కడ ఆగుతుందో మోసగాడికి తెలియదు. ఆ స్థానాలు కూడా కలపాలంటే ఒక్కో అక్షరానికి అతని పని 16 రెట్లు పెరుగుతుంది.

ముందు చిన్న మొత్తం పంపి, అందాక మిగతాది పంపితే?

మంచి అలవాటే, వదలకండి. కానీ పైన చెప్పిన 2024 ఉదంతంలో ఆ వ్యక్తి కూడా ముందు చిన్న మొత్తం పంపి చూశారు. ఆ లావాదేవీని గమనించిన మోసగాడు వెంటనే కవల అడ్రసుతో జాబితాలోకి దూరాడు. రెండోసారి పంపేటప్పుడు జాబితాలోంచి తీసుకున్నది ఆ కవలనే. కాబట్టి పరీక్షగా పంపింది అందిందని అవతలివారు చెప్పాక, పెద్ద మొత్తానికి కూడా అడ్రసును మొదట తీసుకున్న చోటు నుంచే తీసుకోండి.

చేత్తో కొట్టకుండా కాపీ–పేస్ట్ చేస్తున్నాను కదా, ఇంకా భయమెందుకు?

కాపీ చేసినదీ పేస్ట్ అయినదీ ఒకటేనని హామీ లేదు. క్లిప్‌బోర్డును కనిపెట్టుకుని, అందులో క్రిప్టో అడ్రసు ఆకారం కనబడగానే తన అడ్రసుతో మార్చేసే వైరస్‌లు ఉన్నాయి. 2019 ఫిబ్రవరిలో గూగుల్ ప్లే స్టోర్‌లోనే, మెటామాస్క్ అనే వాలెట్ పేరు పెట్టుకున్న అలాంటి నకిలీ యాప్‌ను ఈసెట్ అనే సైబర్ భద్రత సంస్థ బయటపెట్టింది. చెక్‌సమ్ ఇక్కడ కాపాడదు, దొంగ అడ్రసు కూడా సక్రమమైన అడ్రసే. పేస్ట్ చేశాక మూలంతో మళ్ళీ పోల్చడం ఒక్కటే దారి.

క్యూఆర్ కోడ్ సురక్షితమేనా?

తప్పు కొట్టే ప్రమాదం పోతుంది, అందుకే ఎదురెదురుగా ఉన్నప్పుడు నేను దాన్నే వాడతాను. కిరాణా కొట్టులో యూపీఐ కోడ్ మీద ఇంకొకరి స్టిక్కరు అంటించిన మోసాలు మనం విన్నాం. ఇక్కడా అంతే, కోడ్ లోపల ఏముందో కంటికి కనబడదు. ఒక ముఖ్యమైన జాగ్రత్త: అడ్రసు ఇస్తే క్యూఆర్ చేసిపెడతామనే వెబ్‌సైట్లను నమ్మకండి. మీ అడ్రసుకు బదులు తమ అడ్రసును కోడ్‌లో పెట్టి ఇచ్చిన సైట్లు బయటపడ్డాయి. మీ వాలెట్‌లో "స్వీకరించు" నొక్కితే వచ్చే కోడ్ చాలు.

అడ్రసు సరైనదే, కానీ నెట్‌వర్క్ తప్పు ఎంచుకున్నానంటున్నారు. అంటే?

ఒకే పేరున్న నాణెం వేర్వేరు నెట్‌వర్కుల మీద నడుస్తుంది. డాలరు విలువకు కట్టి ఉంచే యూఎస్‌డీటీ అనే నాణెం ఎథీరియం మీదా ఉంది, ట్రాన్ మీదా ఉంది, బీఎన్‌బీ చెయిన్ మీదా ఉంది. ట్రాన్ అడ్రసు టీ అక్షరంతో మొదలవుతుంది, తేడా కనిపిస్తుంది. ఎథీరియం, బీఎన్‌బీ చెయిన్ అడ్రసులు మాత్రం అచ్చంగా ఒకే రూపంలో ఉంటాయి. అడ్రసు చూసి ఏ నెట్‌వర్కో చెప్పడం ఎవరివల్లా కాదు.

ఆ రెండింటి మధ్య పొరపాటు జరిగి, అందుకున్నది సీడ్ ఫ్రేజ్ చేతిలో ఉన్న సొంత వాలెట్ అయితే కంగారు పడకండి. అదే కీ రెండు చోట్లా పనిచేస్తుంది. వాలెట్‌లో ఆ నెట్‌వర్క్ చేర్చుకుంటే డబ్బు కనిపిస్తుంది. క్రిప్టో కొని అమ్మే ఎక్స్ఛేంజిలోని ఖాతాకు పంపి ఉంటే కీ వారి దగ్గర ఉంటుంది కనుక వారి దయ మీద ఆధారపడాలి.

ఈ గందరగోళాన్ని రూపంతోనే తీర్చవచ్చని ఒకరు చేసి చూపించారు. 2017లో బిట్‌కాయిన్ నుంచి విడిపోయిన బిట్‌కాయిన్ క్యాష్‌కు మొదట బిట్‌కాయిన్ అడ్రసుల రూపమే ఉండేది. జనం ఒకదానికి పంపబోయి ఇంకొకదానికి పంపేవారు. 2018 జనవరిలో వారు క్యాష్‌అడ్రస్ అనే వేరే రూపానికి మారారు. ఎథీరియం తరహా నెట్‌వర్కుల్లోనూ అడ్రసు ముందు నెట్‌వర్క్ పేరు చేర్చాలన్న ప్రతిపాదనలు ఉన్నాయి. అన్ని వాలెట్లూ ఒప్పుకుని చేస్తే ఎన్నో కన్నీళ్ళు తప్పుతాయి.

ట్యాగ్, మెమో అని అడుగుతోంది. వదిలేయవచ్చా?

ఎక్స్ఛేంజికి పంపుతుంటే వదలకండి. ఎక్స్‌ఆర్‌పీ, స్టెల్లార్ లాంటి నాణేల్లో ఎక్స్ఛేంజికి చెందిన ఒకే అడ్రసుకు అందరి డబ్బూ చేరుతుంది. అందులో మీది ఏదో చెప్పేది ఆ ట్యాగే. అపార్ట్‌మెంటు పేరు రాసి ఫ్లాట్ నంబరు రాయకపోతే ఉత్తరం వాచ్‌మన్ దగ్గర ఆగిపోయినట్టు అవుతుంది.

యూపీఐ ఐడీలాగా పేరు కొట్టి పంపే వీలు లేదా?

ఉంది, పెరుగుతోంది కూడా. 2016లో యూపీఐ వచ్చాక ఖాతా నంబరు, 11 అక్షరాల ఐఎఫ్ఎస్‌సీ కోడ్ చెప్పే అవసరం చాలామందికి తప్పింది. పంపే ముందు అవతలివారి పేరు తెర మీద కనిపించడం అంతకన్నా పెద్ద మేలు. నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లలో ఈ పేరు చూపే సౌకర్యం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు పెట్టిన గడువు 2025 ఏప్రిల్ 1. అంటే బ్యాంకులకే అంత కాలం పట్టింది.

క్రిప్టోలో చిక్కు ఏమిటంటే పేరు ఎవరిదో తేల్చే, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ లాంటి పెద్ద ఎవరూ లేరు. కంప్యూటర్ భద్రత నిపుణుడు జూకో విల్కాక్స్ 2001లో ఒక చిక్కుముడి విప్పమన్నాడు. పేరు మనిషికి గుర్తుండాలి, మోసానికి లొంగకూడదు, ఏ ఒక్క సంస్థ చేతిలోనూ ఉండకూడదు. ఈ మూడింటిలో రెండే దొరుకుతాయన్నాడు. 2011లో వచ్చిన నేమ్‌కాయిన్ మూడూ సాధ్యమేనని బ్లాక్‌చెయిన్‌తో (రికార్డులను ఒకరి చేతిలో కాకుండా అందరి దగ్గరా ఉంచే ఉమ్మడి లెడ్జరుతో) చూపించింది. 2017 మేలో మొదలైన ఎథీరియం నేమ్ సర్వీస్ దాన్ని జనంలోకి తెచ్చింది. చివర డాట్ ఈత్ అని ఉండే పేరు తీసుకుంటే వాలెట్ దాన్ని అడ్రసుగా మార్చుకుంటుంది. ఐదు అక్షరాలు, అంతకు మించిన పేర్లకు ఏడాదికి 5 డాలర్లు, నెట్‌వర్క్ రుసుము అదనం.

బిట్‌కాయిన్ వైపు రెండు చెప్పుకోవాలి. బిట్‌కాయిన్‌ను వేగంగా పంపే లైట్నింగ్ నెట్‌వర్క్ కోసం లైట్నింగ్ అడ్రసు 2021లో వచ్చింది, చూడటానికి ఈమెయిల్‌లాగే ఉంటుంది. వాడటానికి చాలా హాయి, కాకపోతే అందులోని డొమైన్ (వెబ్‌సైట్ పేరు) నడిపే సర్వరును నమ్మాలి. ఆ తర్వాత 2024లో బిట్‌కాయిన్ డెవలపర్ మాట్ కొరాలో ప్రతిపాదించిన పద్ధతిలో పేమెంటు వివరాలను డొమైన్ రికార్డులోనే, డిజిటల్ సంతకంతో భద్రపరుస్తారు. మధ్యలో ఎవరైనా మారిస్తే వాలెట్‌కు తెలిసిపోతుంది. నాకు ఆశ ఉన్నది దీని మీదే.

పేరు పెట్టుకుంటే ఇబ్బందులేమీ ఉండవా?

ఉంటాయి. మొదటిది గోప్యత. యూపీఐ ఐడీ ఇస్తే ఎదుటివారికి మీ బ్యాలెన్సు కనబడదు. డాట్ ఈత్ పేరు ఇస్తే దాని వెనకున్న అడ్రసులో ఎంత ఉంది, ఎవరి నుంచి వచ్చింది, ఎప్పుడు ఖర్చయింది అన్నీ ఎవరైనా చూడవచ్చు. ఇంటి తలుపు మీద పాస్‌బుక్ అంటించినట్టే. దాచుకున్న డబ్బు ఒక అడ్రసులో, పేరుతో నడిపేది వేరే అడ్రసులో ఉంచుకోండి. బిట్‌కాయిన్‌లో సైలెంట్ పేమెంట్స్ అనే పద్ధతి దీనికి మంచి పరిష్కారం. అందరికీ ఒకే అడ్రసు ఇస్తారు, ప్రతి చెల్లింపూ వేర్వేరు అడ్రసుకు చేరుతుంది, బయటివారికి వాటి మధ్య సంబంధం తెలియదు.

రెండోది గడువు. పేరును పొడిగించడం మరిచిపోతే 90 రోజుల వెసులుబాటు తర్వాత దాన్ని ఇంకొకరు కొనుక్కోవచ్చు. అప్పటి నుంచి ఆ పేరుకు వచ్చే డబ్బు వారిదే. పేరు కొట్టాక వాలెట్ చూపించే పూర్తి అడ్రసు మునుపటిదేనా అని చూడమనేది అందుకే.

తెలుగు లిపిలో పేరు పెట్టుకోవచ్చా?

వ్యవస్థ ఒప్పుకుంటుంది. మన లిపికి మాత్రం ప్రత్యేకమైన సమస్య ఉంది. తెలుగు, కన్నడ లిపులు అక్కచెల్లెళ్ళు. ర, గ, ల, బ, జ లాంటి అక్షరాలు రెండింటిలో దాదాపు ఒకేలా ఉంటాయి. మన కంటికి ఒకటే, కంప్యూటర్‌కు వేర్వేరు గుర్తులు. తెలుగు పేరులో ఒక కన్నడ ర దూర్చితే చూసి చెప్పడం కష్టం. వెబ్‌సైట్ల పేర్లకు తెలుగు నియమాలు రాసినప్పుడు ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ అనే అంతర్జాతీయ సంస్థ కోసం పనిచేసిన నిపుణులు ఈ రెండు లిపుల పోలికలను ప్రత్యేకంగా పట్టిక కట్టారు. ఎథీరియం నేమ్ సర్వీస్ నియమాలు కూడా లిపులను ఇష్టం వచ్చినట్టు కలపడాన్ని అడ్డుకుంటాయి. అయినా డబ్బు పంపే పేరు విషయంలో నేను తెలుగు లిపిని ఇప్పుడే సిఫారసు చేయను. మాతృభాష మీద ప్రేమ ఉన్నవాణ్ణి కనుకనే ఈ మాట బరువుగా చెబుతున్నాను.

నా వాలెట్ ప్రతిసారీ కొత్త అడ్రసు చూపిస్తోంది. పాతదానికి ఎవరైనా పంపితే పోతుందా?

పోదు. అన్నీ మీ సీడ్ ఫ్రేజ్ నుంచే పుట్టినవి, అన్నీ మీవే. మీ లెక్కలు బయటివారికి తెలియకుండా బిట్‌కాయిన్ వాలెట్లు కావాలనే అలా మారుస్తాయి.

హార్డ్‌వేర్ వాలెట్ కొంటే అడ్రసు బాధ తీరుతుందా?

ఒక బాధ తీరుతుంది. కీలను కంప్యూటర్ బయట దాచే లెడ్జర్, ట్రెజర్ లాంటి పరికరాలకు సొంత తెర ఉంటుంది. కంప్యూటర్‌లో వైరస్ ఉన్నా, నిజంగా డబ్బు వెళ్ళబోయే అడ్రసు ఆ చిన్న తెర మీద కనిపిస్తుంది. దాన్ని చదవకుండా బటన్ నొక్కితే కొన్న డబ్బు దండగ. ఆ తెర మీదిది కూడా దేనితో పోలుస్తున్నారన్నది ముఖ్యం. అదే కంప్యూటర్ తెరతో కాకుండా, అవతలివారు ఫోనులో చదివి చెప్పేదానితో పోల్చండి.

అడ్రసు అక్షరం అక్షరం సరిపోయింది. ఇక నిశ్చింతేనా?

ఆ అడ్రసు మీకు ఎవరిచ్చారన్నది మిగిలే ఉంది. 2017 జూలైలో కాయిన్‌డాష్ అనే సంస్థ నిధులు సేకరించడం మొదలుపెట్టగానే దుండగులు ఆ వెబ్‌సైట్‌లోకి చొరబడి అడ్రసు మార్చేశారు. సుమారు 70 లక్షల డాలర్లు వారి చేతికి చేరాయి. పంపినవారెవరూ ఒక్క అక్షరం తప్పు కొట్టలేదు. 2020 జూలై 15న ట్విట్టర్‌లో బరాక్ ఒబామా, బిల్ గేట్స్ వంటివారి ఖాతాల నుంచే ఒక బిట్‌కాయిన్ అడ్రసు వచ్చింది, పంపితే రెట్టింపు ఇస్తామంటూ. లక్ష డాలర్లకు పైగా జమ అయ్యాయి. పెద్ద మొత్తం అయితే అడ్రసును రెండు దారుల్లో తెప్పించుకోండి. సందేశంలో వచ్చినదాన్ని, గొంతు గుర్తుపట్టగల మనిషితో ఫోనులో చదివించుకుని పోల్చండి.

వాలెట్ తయారుచేసేవారిని మేం ఏం అడగాలి?

అడగండి, గట్టిగా అడగండి. మీ ఉత్తరాలు మా బల్లల మీదికి వస్తాయి, పనికి వస్తాయి. అడ్రసును పూర్తిగా చూపించమనండి, నాలుగేసి అక్షరాలుగా విడగొట్టి, నాలుగైదు వరుసల్లో, పెద్ద అచ్చులో. మీరు ఎప్పుడూ పంపని అడ్రసు అయితే "ఇది కొత్త అడ్రసు" అని తెర మీద చెప్పమనండి. ఆ ఒక్క మాట పాయిజనింగ్ మోసాలను చాలావరకు ఆపుతుంది. అడ్రస్ బుక్‌లో ఉన్న అడ్రసుకు కవలలా కనిపిస్తే హెచ్చరించమనండి. సున్నా మొత్తాలనూ నకిలీ టోకెన్లనూ జాబితాలోంచి దాచమనండి. తప్పు ఎక్కడుందో చూపించమనండి. ఇవేవీ కష్టమైన పనులు కావు.

నాలుగేసి అక్షరాలుగా విడగొట్టిన బీసీ1 అడ్రసును తర్వాత ఒకరోజు మా బాబాయికి ఇచ్చాను. 42 గుర్తులు, పాతదానికన్నా ఎక్కువ. పిన్ని స్కేలు తీసుకోలేదు. ఆధార్ నంబరు చదివినట్టు నాలుగు నాలుగుగా చదివింది, ఆయన కొట్టారు. మొదటిసారే పచ్చరంగు గుర్తు వచ్చింది.

ఇప్పటికే తప్పు అడ్రసుకు పంపేశాను. ఏం చేయాలి?

ముందుగా లావాదేవీ హ్యాష్‌ను (ఆ లావాదేవీని గుర్తించే పొడవైన కోడ్‌ను) దాచుకోండి, తెర ఫొటో తీసుకోండి. బిట్‌కాయిన్‌లో లావాదేవీని నెట్‌వర్క్ ఇంకా నిర్ధారించకపోతే, మీ వాలెట్‌లో రుసుము పెంచి లావాదేవీ మార్చే సౌకర్యం ఉంటే, వెంటనే అదే డబ్బును మీ సొంత అడ్రసుకు మళ్ళించి చూడండి. చేరిన అడ్రసు ఏదైనా ఎక్స్ఛేంజిదైతే ఆ సంస్థకు హ్యాష్‌తో సహా రాయండి. మోసం జరిగి ఉంటే మన దేశంలో 1930 నంబరుకు ఫోను చేసి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. గంటలు గడిచేకొద్దీ డబ్బు చేతులు మారుతుంది.

ఆ తర్వాత కొద్ది రోజుల్లో ఎవరో ఒకరు మీకు సందేశం పంపుతారు, మీ డబ్బు తిరిగి ఇప్పిస్తామని, ముందుగా కొంత రుసుము కట్టమని, లేదా సీడ్ ఫ్రేజ్ చెప్పమని. వారికి జవాబు ఇవ్వకండి. నిర్ధారణ అయిన లావాదేవీలో అడ్రసు మార్చి డబ్బు వెనక్కి తెచ్చే శక్తి అలాంటివారెవరికీ లేదు.